లాప్‌టాప్ అసలు ఆన్ కావట్లేదా? గోడ సాకెట్ నుంచి మదర్‌బోర్డు దాకా వరుసగా వెతికే పద్ధతి

లాప్‌టాప్ ఆన్ కాకపోతే ఎక్కువమంది చేసే మొదటి పని కొత్త చార్జర్ కొనడం. దాంతో కుదరకపోతే బ్యాటరీ కొంటారు. అదీ కాకపోతే షాపుకెళ్లి "బోర్డు పోయింది సార్" అన్న మాట విని వస్తారు. ఈ మూడింటిలో ఎక్కడా ఎవరూ ఏదీ కొలవలేదని గమనించండి. గోడ సాకెట్‌లో బయల్దేరిన కరెంటు ఒక వరుసలో, అన్ని భాగాలనూ కలిపే మదర్‌బోర్డు మీదుగా ప్రాసెసర్ దాకా వెళ్తుంది. అది ఎక్కడిదాకా వచ్చి ఆగిందో తెలిస్తే చెడింది ఏ భాగమో తేలిపోతుంది. కింద చెప్పినవన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి. మెట్లు దాటేసి ముందుకు దూకకండి, అప్పటిదాకా ఏమీ కొనకండి.

సగం పనికి చేతులు చాలు. మిగతా దానికి రెండు మూడు వందల రూపాయల డిజిటల్ మల్టీమీటర్, చిన్న ఫిలిప్స్ స్క్రూడ్రైవర్, పాత ఏటీఎం కార్డు ఒకటి ఉంటే సరిపోతుంది.

ముందు అది నిజంగా డెడ్ అయిందో లేదో తేల్చండి

"ఆన్ కావట్లేదు" అనే ఒక్క మాట కింద వేర్వేరు జబ్బులు ఉంటాయి, వాటి వైద్యాలూ వేరు. గదిలో లైట్లు తీసేసి, చార్జర్ పెట్టి, పవర్ బటన్ నొక్కి కాసేపు కనిపెట్టి చూడండి.

ఏ లైటూ వెలగక, ఫ్యాన్ చప్పుడు లేక, అడుగుభాగం చల్లగానే ఉంటే అది డెడ్. దాని సంగతి తర్వాతి మెట్టు నుంచి మొదలవుతుంది.

లైటు వెలిగి, ఫ్యాన్ తిరుగుతూ, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంటే దాన్ని మెకానిక్‌లు నో డిస్‌ప్లే అంటారు. ఇక్కడ క్యాప్స్ లాక్ కీ నొక్కి చూడండి. మీరు నొక్కినప్పుడల్లా దాని లైటు వెలగడం, ఆరడం జరిగితే బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడే మెమరీ) మూడూ పనిచేస్తున్నట్టే, తేడా స్క్రీన్ వైపే. ఫోన్ టార్చిని స్క్రీన్‌కు ఏటవాలుగా దగ్గర పెట్టి చూడండి. మసగ్గా బొమ్మ కనిపిస్తే పోయింది స్క్రీన్ వెనక వెలిగే బ్యాక్‌లైట్. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపితే బొమ్మ వస్తోందంటే స్క్రీన్ ప్యానెల్ గానీ, మడత దగ్గర నలిగిన డిస్‌ప్లే కేబుల్ గానీ కారణం. క్యాప్స్ లాక్ లైటు స్పందించకపోతే అనుమానం ర్యామ్ మీదికి మళ్లుతుంది. అలాంటప్పుడు మాత్రం మధ్య మెట్లు దాటి, అడుగు మూత విప్పే జాగ్రత్తలు చదివి, నేరుగా ర్యామ్ భాగానికి వెళ్లండి.

కంపెనీ లోగో వచ్చి అక్కడే ఆగిపోతే అది చాలావరకు విండోస్‌కో, డేటా దాచే ఎస్‌ఎస్‌డికో సంబంధించిన సమస్య. దానికి ఈ వ్యాసంతో పని లేదు.

మనిషిని బాగా తికమక పెట్టే కారణం ఇంకొకటి ఉంది. మూత మూశామో తెరిచామో లాప్‌టాప్‌కు అయస్కాంతం ద్వారా తెలుస్తుంది. కీబోర్డు అంచున చిన్న సెన్సర్, స్క్రీన్ చట్రంలో చిన్న అయస్కాంతం ఉంటాయి. అయస్కాంతం ఉన్న ఫోన్ కవరో, వాచీ పట్టీయో, స్పీకరో ఆ సెన్సర్ దగ్గరుంటే మూత మూసే ఉందనుకుని లాప్‌టాప్ నిద్రపోతుంది. ఒక లాప్‌టాప్ మీద ఇంకోటి పెట్టినా ఇదే తంతు. చుట్టుపక్కల ఉన్నవన్నీ తీసేసి మరోసారి బటన్ నొక్కండి.

గోడ దగ్గర చూడాల్సినవి

స్పైక్ బస్టర్‌ను, మల్టీప్లగ్‌ను పక్కన పెట్టి అడాప్టర్‌ను నేరుగా గోడ సాకెట్‌కు పెట్టండి. అంతకుముందే ఆ సాకెట్‌లో టేబుల్ ఫ్యానో ఇస్త్రీ పెట్టెయో పెట్టి, కరెంటు నిజంగా వస్తోందో లేదో చూడండి. మన ఇళ్లలో వదులైపోయిన సాకెట్లు తక్కువేం కాదు. పిన్ను పైకి గట్టిగా కూర్చున్నట్టే ఉంటుంది గానీ లోపలి ఇత్తడి రేకు విచ్చుకుని పోయి ఉంటుంది.

గోడకూ అడాప్టర్ పెట్టెకూ మధ్య ఉండే మూడు రంధ్రాల కేబుల్‌ను పట్టించుకునేవాళ్లు తక్కువ. బ్యాగులో మడతలు పడి పడి అది లోపలే తెగుతుంది. చాలా కంపెనీల అడాప్టర్లకు ఆ కేబుల్ ఒకటే రకం కాబట్టి పక్కింటివాళ్ల కేబుల్ తెచ్చి మార్చి చూడటానికి ఒక్క నిమిషం పట్టదు. కొత్తది కొన్నా వంద రెండొందల్లో దొరుకుతుంది.

అడాప్టర్ మీద లైటు ఉంటే దాన్ని కళ్లారా గమనించాలి. గోడకు పెట్టినప్పుడు వెలిగి, లాప్‌టాప్‌లో పిన్ను పెట్టగానే ఆరిపోయిందనుకోండి. చాలావరకు లాప్‌టాప్ లోపల షార్ట్ సర్క్యూట్ ఉంది, అడాప్టర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది. అలాంటప్పుడు అడాప్టర్ సాధారణంగా బాగానే ఉంటుంది. తొందరపడి కొత్త చార్జర్ కొనకండి. గోడ నుంచి తీసి నిమిషం ఆగితే దాని లైటు మళ్లీ మామూలుగా వెలుగుతుంది. అసలు గోడకు పెట్టినప్పుడే వెలగకపోతే తప్పు కేబుల్‌దో అడాప్టర్‌దో.

లైటు వెలగడం లేదని అడాప్టర్ పెట్టెను విప్పకండి. అందులోని పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 325 వోల్టుల డీసీ నిలిచి ఉంటుంది. గోడ నుంచి తీసిన తర్వాత కూడా అది కాసేపు షాక్ కొట్టగలదు.

లోపల నిలిచిన కరెంటును పూర్తిగా వదిలించడం

ఖర్చు లేనిది కాబట్టి కొలతల కంటే ముందు ఇది చేయాలి. మదర్‌బోర్డు మీద ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్ ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని ఈసీ అంటారు. పవర్ బటన్, చార్జింగ్, ఫ్యాన్, మూత సెన్సర్ అన్నీ దాని చేతిలోనే ఉంటాయి. లాప్‌టాప్ ఆఫ్‌లో ఉన్నా అది మెలకువగానే ఉంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడో, స్లీప్‌లో బ్యాటరీ అయిపోయినప్పుడో అది బిగుసుకుపోతే మీరు బటన్ ఎన్నిసార్లు నొక్కినా వినిపించుకోదు. దానికి అందే కరెంటును కూడా తీసేస్తే మళ్లీ మొదట్నుంచి మొదలవుతుంది.

1. చార్జర్, మౌస్, పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, హెచ్‌డీఎంఐ, డాక్ అన్నీ తీసేయండి. యూఎస్‌బీ పోర్టులో వంగిపోయిన పిన్నే షార్ట్ చేస్తూ ఉండొచ్చు, టార్చితో ఒకసారి చూడండి.
2. బ్యాటరీ బయటికి ఊడే రకమైతే ఊడదీయండి.
3. పవర్ బటన్‌ను 40 సెకన్లపాటు నొక్కి పట్టుకోండి. హెచ్‌పీ 15 సెకన్లు చాలంటుంది, ఆసుస్ 40 అంటుంది. 40 పట్టుకుంటే అందరి లెక్కా సరిపోతుంది.
4. చార్జర్ ఒక్కటే పెట్టి, పది సెకన్లు ఆగి, బటన్‌ను మామూలుగా ఒకసారి నొక్కండి.

బ్యాటరీ లోపలే ఉండే లాప్‌టాప్‌లకు కంపెనీలు వేరే దారులు పెట్టాయి. లెనోవో థింక్‌ప్యాడ్‌లలో చాలావాటికి అడుగున చిన్న రీసెట్ రంధ్రం ఉంటుంది. చార్జర్ తీసేసి, తిన్నగా చేసిన పేపర్ క్లిప్‌తో లోపలి బటన్‌ను నొక్కి, నిమిషం ఆగి చార్జర్ పెట్టాలి. ఏసర్‌లో కూడా బ్యాటరీ గుర్తు పక్కన ఇలాంటి రంధ్రం ఉండే మోడళ్లున్నాయి. మైక్రోఫోన్‌కూ సన్నని రంధ్రమే ఉంటుంది, దాంట్లో పిన్ను గుచ్చితే కొత్త రిపేరు తగులుకుంటుంది. గుర్తు చూసి మరీ గుచ్చండి.

నెలల తరబడి అల్మారాలో పడి ఉన్న లాప్‌టాప్ అయితే ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. బాగా అడుగంటిన బ్యాటరీకి చార్జింగ్ సర్క్యూట్ మొదట కొద్దిపాటి కరెంటే ఇస్తుంది. చార్జర్ పెట్టి కనీసం గంటసేపు వదిలేసి, తర్వాత బటన్ నొక్కండి. కొత్తగా డబ్బా విప్పిన లాప్‌టాప్ కూడా చార్జర్ ఒకసారి పెట్టేదాకా ఆన్ కాకపోవచ్చు. రవాణా కోసం బ్యాటరీని నిద్రపుచ్చి పంపుతారు.

అడాప్టర్‌ను కొలవడం

గుండ్రటి పిన్ను ఉన్న అడాప్టర్లకే ఇది పనికొస్తుంది. అడాప్టర్ లేబుల్ మీద అవుట్‌పుట్ అని ఉన్న చోట చూడండి. ఏసర్, ఆసుస్‌లలో సాధారణంగా 19 వోల్టులు, డెల్, హెచ్‌పీలలో 19.5, లెనోవోలో 20 ఉంటుంది.

మల్టీమీటర్‌ను డీసీ వోల్టేజీ వైపు తిప్పండి. చవక మీటర్లలో 20 అన్న రేంజి పక్కనే 200 ఉంటుంది. 19.5 వోల్టుల అడాప్టర్‌కు 20 రేంజి సరిపోతుంది గానీ, లెనోవో అడాప్టర్‌ను ఆ రేంజిలో కొలిస్తే మీటర్ ఎడమ మూల "1" అని ఒక్క అంకె చూపిస్తుంది. అది ఒక వోల్టు కాదు, రేంజి దాటిపోయిందన్న గుర్తు. ఆ "1" చూసి మంచి అడాప్టర్లను పారేసేవాళ్లు ఉన్నారు. కాబట్టి 200 రేంజిలోనే పెట్టండి.

మీటర్ ఎర్ర ప్రోబ్‌ను (తీగ చివరి లోహపు కొనను) పిన్ను గొట్టం లోపలి గోడకు, నల్ల ప్రోబ్‌ను బయటి లోహానికి తాకించాలి. రెండు ప్రోబ్‌లూ ఒకదానికొకటి తగలకూడదు. డెల్, హెచ్‌పీ పిన్నుల నడుమ సూదిలాంటి సన్నని కడ్డీ ఉంటుంది. అది కరెంటు కోసం కాదు, అడాప్టర్ ఎన్ని వాట్లదో లాప్‌టాప్‌కు చెప్పడానికి. దాన్ని వంచకండి. అది వంగినా విరిగినా లాప్‌టాప్ అడాప్టర్‌ను గుర్తుపట్టదు. అప్పుడు డెల్ యంత్రం ఆన్ అవుతుంది గానీ బ్యాటరీ చార్జ్ చేయదు, వేగం కూడా తగ్గించుకుంటుంది.

లేబుల్ మీద రాసినదానికి అటూ ఇటూ అర వోల్టులో రీడింగ్ వస్తే ప్రస్తుతానికి పాస్. సున్నా వస్తే పిన్ను దగ్గరి వైరును, పెట్టె దగ్గరి వైరును మెల్లగా కదుపుతూ చూడండి. అంకెలు వచ్చి పోతుంటే లోపల తీగ తెగింది. రీడింగ్ ఎగుడుదిగుడుగా ఊగుతుంటే అడాప్టర్ లోపలి భాగాలు అలిసిపోయాయి.

"ప్రస్తుతానికి" అనడానికి కారణం ఉంది. ఏ లోడూ లేనప్పుడు చక్కగా 19.5 చూపించి, లాప్‌టాప్ కరెంటు లాగగానే కుప్పకూలే అడాప్టర్లు ఉంటాయి. దాన్ని తేల్చేందుకు నమ్మకమైన దారి, పనిచేస్తున్న అదే మోడల్ లాప్‌టాప్‌కు మీ అడాప్టర్‌ను, లేదా మీ లాప్‌టాప్‌కు వాళ్ల అడాప్టర్‌ను పెట్టి చూడటం. అరువు తెచ్చుకునేటప్పుడు వోల్టులు దాదాపు ఒకటే ఉండాలి, వాట్లు మీదానికంటే సమానం లేదా ఎక్కువ ఉండాలి. 65 వాట్ల లాప్‌టాప్‌కు 90 వాట్ల అడాప్టర్ పెడితే ఏమీ కాదు, అవసరమైనంతే లాగుతుంది. 180 వాట్లు కావాల్సిన గేమింగ్ లాప్‌టాప్‌కు 65 వాట్లది పెడితే మాత్రం ఆన్ కాకపోవచ్చు. పిన్ను పట్టింది కదా అని వోల్టేజీ చూడకుండా పెట్టకండి.

కొత్త అడాప్టర్ కొనాల్సి వస్తే లేబుల్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే 8 అంకెల రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. చేతిలోకి తీసుకుంటే బోలుగా తేలిపోయే వంద గ్రాముల డూప్లికేట్లకు దూరంగా ఉండండి. అది పోతూ పోతూ బోర్డునూ తీసుకుపోతుంది.

యూఎస్‌బీ-సీ చార్జర్ అయితే

దీన్ని మామూలు మల్టీమీటర్‌తో కొలవలేం. ఏ పరికరమూ తగిలించనప్పుడు యూఎస్‌బీ-సీ చార్జర్ వోల్టేజీ బయటికి వదలదు, సున్నా చూపించడం సహజం. తగిలించాక మొదట 5 వోల్టులు ఇచ్చి, ఇంకా ఎంత కావాలని లాప్‌టాప్‌ను అడుగుతుంది. ఇద్దరికీ మాట కుదిరితే 9, 15, 20 వోల్టులకు వెళ్తుంది. 65 వాట్ల చార్జర్ అంటే 20 వోల్టుల దగ్గర 3.25 ఆంపియర్లు.

అందుకే ఫోన్ చార్జర్ పెట్టి "అదీ పనిచేయలేదు" అనుకోవడం పరీక్ష కిందికి రాదు. చాలా ఫోన్ చార్జర్లు 20 వోల్టులు ఇవ్వవు, ఇచ్చినా వాట్లు చాలవు. ఫోన్లతో వచ్చే సూపర్ ఫాస్ట్ చార్జర్లలో చాలావాటి భాష ఆ కంపెనీకే తెలుస్తుంది, లాప్‌టాప్‌కు అర్థం కాదు. కేబుల్ సంగతీ అంతే. సాధారణ యూఎస్‌బీ-సీ కేబుల్ 3 ఆంపియర్లకు, అంటే 60 వాట్లకు పరిమితం. అంతకు మించి కావాలంటే లోపల గుర్తింపు చిప్ ఉన్న 5 ఆంపియర్ల కేబుల్ ఉండాలి.

చార్జర్‌కూ లాప్‌టాప్‌కూ మధ్య పెట్టే చిన్న యూఎస్‌బీ-సీ మీటర్ దొరుకుతుంది. అది ఉంటే డెడ్ లాప్‌టాప్ కథ సగం మీ ముందే విప్పుకుంటుంది. మూడు రకాల రీడింగులు చూస్తారు.

వోల్టేజీ 20కి వెళ్లి కరెంటు ఎక్కుతూ ఉంటే చార్జర్, పోర్టు, బోర్డు మొదటి దశ బాగున్నాయి, బ్యాటరీ చార్జ్ అవుతోంది. ఆగి చూడండి.

20కి వెళ్లి కరెంటు సున్నా దగ్గరే కదలకుండా ఉంటే చర్చలు కుదిరాయి గానీ ఆ తర్వాతి దశలో ఎక్కడో దారి మూసుకుంది.

5 దగ్గరే ఆగిపోతే పోర్టును అనుమానించాలి. ఇంకో యూఎస్‌బీ-సీ పోర్టులో పెట్టండి, చార్జింగ్ తీసుకునే పోర్టు ఒక్కటే అయి ఉండొచ్చు, దాని పక్కన బ్యాటరీ లేదా ప్లగ్ గుర్తు ఉంటుంది. పోర్టు నాలుకను టార్చితో చూసి, చెత్త ఉంటే చెక్క టూత్‌పిక్‌తో తీయండి. అన్నీ చేశాకా 5 దగ్గరే ఉంటే ఆ పోర్టును నడిపే చిప్ గానీ, దానికి అందాల్సిన కరెంటు గానీ లేదు. మ్యాక్‌బుక్‌లలో మెకానిక్ మొట్టమొదట చూసేది ఈ అంకెనే. పాత మ్యాక్‌లలో పవర్‌ను నడిపే చిప్‌ను మొదటికి తెచ్చే ఎస్‌ఎంసీ రీసెట్ ఉండేది, యాపిల్ ఎం1, ఎం2 లాంటి చిప్‌లున్న మ్యాక్‌కు అది లేదు. దాని ఫర్మ్‌వేర్ (చిప్‌లో ఉండే మూల సాఫ్ట్‌వేర్) చెడితే ఇంకో మ్యాక్‌కు కేబుల్‌తో కలిపి రివైవ్ చేయాలి. రివైవ్‌లో డేటా ఉంటుంది, రిస్టోర్‌లో పోతుంది. షాపువాడు ఏది చేస్తున్నాడో ముందే అడగండి.

చార్జింగ్ జాక్

పిన్ను పెట్టి వేలితో మెల్లగా నాలుగు వైపులా కదపండి. లైటు వెలిగి ఆరుతుంటే జాక్ వదులైంది. చార్జర్ పెట్టి మంచం మీద ఒళ్లో వాడే లాప్‌టాప్‌లకు ఇది మామూలే. పిన్ను మీద పడే ప్రతి లాగుడూ జాక్ టంకాల మీద పడుతుంది. పట్టేచోట కాలిన వాసన, కరిగిన ప్లాస్టిక్ కనిపిస్తే వెంటనే ఆపేయండి.

జాక్ పొట్టి వైరుతో ఊడే రకమో, బోర్డుకే టంకం పెట్టిన రకమో మీ మోడల్‌ను బట్టి ఉంటుంది. వైరు రకమైతే నాలుగు స్క్రూల పని, భాగం కూడా చవక. టంకం రకమైతే షాపులోనే చేయించాలి. బోర్డు మార్చాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

అడుగు మూత విప్పాక

వారంటీ ఉంటే ఇక్కడ ఆగి కంపెనీ సర్వీస్‌కే ఇవ్వండి. లేకపోతే చార్జర్ తీసేసి, చెక్క బల్ల మీద, కార్పెట్ లేని చోట పెట్టుకోండి. ముందు ఏదైనా ఎర్త్ ఉన్న లోహాన్ని తాకండి. స్క్రూలు పొడుగువీ పొట్టివీ ఉంటాయి. ఒక కాగితం మీద అడుగుభాగం బొమ్మ గీసి, తీసిన స్క్రూను తీసిన చోటే గుచ్చి పెట్టండి. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే అది బోర్డును పొడుస్తుంది. కొన్ని మోడళ్లలో రబ్బరు కాళ్ల కింద కూడా స్క్రూలుంటాయి. మూత రాలేదంటే అక్కడ ఒకటి మిగిలి ఉంది, బలం పెట్టకండి. ఏటీఎం కార్డును అంచులో దూర్చి క్లిప్పులు ఒక్కొక్కటే విడిపించండి.

లోపల మొదట చూడాల్సింది బ్యాటరీ. దాంట్లోని ఏ గదైనా (సెల్) దిండులా ఉబ్బితే, లేదా మూత విప్పకముందే టచ్‌ప్యాడ్ పైకి లేచి ఉంటే, దాన్ని నొక్కవద్దు, గుచ్చవద్దు, చార్జ్ చేయవద్దు. కనెక్టర్ ఊడదీసి అలాగే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. చెత్తబుట్టలో వేయకండి.

ఉబ్బకపోయినా బ్యాటరీ కనెక్టర్‌ను ఊడదీయాలి. లోపల ఏ పని చేయాలన్నా ఇది మొదటి పని. వైర్లు పట్టుకుని కాకుండా కనెక్టర్ అంచులను పట్టి లాగండి. ఇప్పుడు బ్యాటరీ లేకుండా చార్జర్ మీద ఆన్ చేసి చూడండి. ఆన్ అయితే చెడింది బ్యాటరీయే, దాంట్లో షార్టయిన గది మొత్తం యంత్రాన్ని ఆపేస్తోంది. బ్యాటరీ లేకుండా నడవని మోడళ్లు కొన్ని ఉన్నాయి కాబట్టి ఆన్ కాకపోయినంత మాత్రాన బ్యాటరీకి మంచి మార్కులు వేయలేం.

తర్వాత యంత్రాన్ని కనీస స్థితికి తేవాలి. మళ్లీ చార్జర్ తీసేసి ఎస్‌ఎస్‌డి, హార్డ్ డిస్క్, వైఫై కార్డు ఊడదీయండి. షార్టయిన ఎం.2 ఎస్‌ఎస్‌డి (బోర్డులో నేరుగా దూర్చే సన్నని కార్డు రకం) ఒక్కటి చాలు, మొత్తం లాప్‌టాప్ చచ్చినట్టు పడి ఉండటానికి. ఇవన్నీ తీసి ఆన్ చేస్తే లైటు వచ్చిందంటే ఒక్కొక్కటీ తిరిగి పెడుతూ రండి. ఏది పెట్టినప్పుడు ఆగిందో అదే దొంగ.

ర్యామ్

నో డిస్‌ప్లే, లేదా రెండు మూడు సెకన్లు ఆన్ అయి ఆఫ్ అయి మళ్లీ ఆన్ కావడం, ఈ రెండు లక్షణాలకూ ముందు ర్యామ్‌ను చూడాలి. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఉప్పుగాలికి ర్యామ్ అంచుల మీద సన్నని పొర పేరుకుంటుంది, ఒకట్రెండు కాంటాక్టులు తగలకపోతే చాలు స్క్రీన్ రాదు.

రెండు వైపులా ఉన్న స్టీలు క్లిప్పులను బయటికి విప్పితే ర్యామ్ స్ప్రింగులా దాదాపు 30 డిగ్రీలు పైకి లేస్తుంది. అదే వాలులో బయటికి లాగండి. బంగారు రంగు అంచును మెత్తని తెల్ల పెన్సిల్ రబ్బరుతో రెండు వైపులా మెల్లగా రుద్ది, పొడి దులిపేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. ఇసుక రబ్బరు వాడితే పూత లేచిపోతుంది. తిరిగి పెట్టేటప్పుడు గాడి చూసుకుని అదే వాలులో, బంగారు అంచు దాదాపు కనిపించనంత లోపలికి నెట్టి, తర్వాతే కిందికి నొక్కాలి. రెండు క్లిప్పులూ టక్కుమని పడాలి. ఒకటే పడితే అది సరిగా కూర్చోలేదు.

రెండు ర్యామ్‌లుంటే ఒక్కటి పెట్టి ఒక స్లాట్‌లో, తర్వాత రెండో స్లాట్‌లో, ఆపైన రెండో ర్యామ్‌తో అదే వరుసలో చూడండి. నాలుగు పరీక్షల్లో ఏ ర్యామ్ చెడిందో, ఏ స్లాట్ చెడిందో విడివిడిగా తెలిసిపోతుంది. డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామ్ ఉన్న లాప్‌టాప్ అయితే తొందరపడకండి. ర్యామ్ తీసి పెట్టాక మొదటిసారి అది మెమరీని కొత్తగా సరిచూసుకుంటుంది. నల్ల స్క్రీన్‌తో కొన్ని నిమిషాలు ఉండిపోవచ్చు. ఆ సమయంలో బటన్ నొక్కి ఆపేస్తే పని మళ్లీ మొదటికి వస్తుంది.

పలుచటి లాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది. వాటికి ఈ భాగం వర్తించదు.

బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి సీఆర్2032 సెల్ ఉంటే మీటర్‌తో చూడండి. 3 వోల్టులు రావాలి. 2.5 కంటే తక్కువైతే మార్చేయండి. కొన్ని పాత బోర్డులు ఈ సెల్ అడుగంటితే ఆన్ కావడానికే మొరాయిస్తాయి. సెల్ తీసి ఐదు నిమిషాలు ఆగి పెడితే బయోస్ (ఆన్ కాగానే మొదట నడిచే బోర్డు ప్రోగ్రామ్) సెట్టింగులు కూడా చాలావాటిలో మొదటికి వస్తాయి.

పవర్ బటన్ సంగతి మరిచిపోకండి. చార్జింగ్ లైటు చక్కగా వెలుగుతూ, బటన్ నొక్కితే మాత్రం ఏమీ జరగకపోతే బటన్‌కు వెళ్లే పలుచటి రిబ్బన్ కేబుల్ జారి ఉండొచ్చు. తాళం పలకను లేపి, కేబుల్‌ను తిన్నగా దూర్చి, మళ్లీ మూయండి. బటన్ కీబోర్డులోనే భాగమైన మోడళ్లలో కీబోర్డు మీద నీళ్లు పడితే బటన్ పోయిందంటే అర్థం కీబోర్డు పోయిందనే.

లైట్లు చెప్పే లెక్క

ఆన్ కాలేకపోయిన బోర్డు చాలాసార్లు కారణం చెప్పే ఆగుతుంది. ఆ మెరుపులను ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా లెక్కపెట్టండి.

డెల్‌లో నారింజ మెరుపులు కొన్ని, తర్వాత తెల్ల మెరుపులు కొన్ని, కాస్త విరామం, మళ్లీ అదే వరుస. ఇటీవలి మోడళ్లలో 2 నారింజ, 1 తెలుపు అంటే ప్రాసెసర్. 2, 2 అంటే బయోస్. 2, 3 అంటే ర్యామ్ కనిపించలేదు. 2, 4 అంటే ర్యామ్ చెడింది. 2, 7 డిస్‌ప్లే. 3, 1 ఆ బిళ్ల సెల్. పాత హెచ్‌పీలలో క్యాప్స్ లాక్ లైటు 1 సారి మెరిస్తే ప్రాసెసర్, 2 బయోస్, 3 ర్యామ్, 4 గ్రాఫిక్స్, 5 బోర్డు. మోడల్‌ను బట్టి లెక్క మారుతుంది కాబట్టి మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌తో సరిచూసుకోండి.

డెల్‌లో ఇంకో సౌకర్యం ఉంది. కీబోర్డు మీద ఎమ్ కీ నొక్కి పట్టుకుని పవర్ బటన్ నొక్కితే బోర్డు తనను తాను పరీక్షించుకుంటుంది. బ్యాటరీ లైటు నారింజ రంగులో నిలిచిపోతే బోర్డుకే దెబ్బ. డి కీతో ఇదే చేస్తే స్క్రీన్ వరుసగా రంగులు చూపిస్తుంది. రంగులు వచ్చాయంటే ప్యానెల్ బాగుంది.

బయోస్ చెడిందని కోడ్ వస్తే, అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయిన లాప్‌టాప్‌లలో ఇది జరుగుతుంది, ఇంట్లోనే ఒక ప్రయత్నం చేయొచ్చు. హెచ్‌పీలో విండోస్ కీ, బి కీ కలిపి పట్టుకుని పవర్ బటన్‌ను రెండు మూడు సెకన్లు నొక్కి వదలాలి. కీలను మాత్రం స్క్రీన్ మీద ఏదైనా వచ్చేదాకా లేదా బీప్ వినిపించేదాకా వదలకూడదు. డెల్‌లో చార్జర్ తీసేసి, కంట్రోల్, ఎస్కేప్ కీలు పట్టుకుని చార్జర్ పెట్టాలి.

టీ, నీళ్లు పడితే

పైన చెప్పిన పరీక్షలేవీ చేయకండి. బటన్ నొక్కి "ఆన్ అవుతుందేమో చూద్దాం" అనడమే బోర్డును చంపేది. చార్జర్ పీకేసి, బటన్‌ను నొక్కి ఆపేసి, తెరిచిన పుస్తకాన్ని బోర్లించినట్టు పెట్టి, వీలైనంత త్వరగా మూత విప్పి బ్యాటరీ ఊడదీయండి. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ప్రయోజనం లేదు, లోపలి తేమను అది లాగదు, పైగా నూక పోర్టుల్లో ఇరుక్కుంటుంది. హెయిర్ డ్రయర్ వేడిగాలి తడిని చిప్‌ల కిందికి నెడుతుంది.

మంచినీళ్ల కంటే పాలు, చక్కెర ఉన్న టీ ఎక్కువ హాని చేస్తుంది. ఆరాక జిగురు మిగిలి, తేమను పట్టుకుని, రాగి దారులను నెమ్మదిగా తినేస్తుంది. రెండు రోజులకు బాగానే ఆన్ అయి రెండు నెలలకు చచ్చిపోయే లాప్‌టాప్‌లు ఇవే. ఆన్ అయినా సరే, బోర్డు బయటికి తీసి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తని బ్రష్ పెట్టి కడిగించాలి.

బోర్డు దగ్గరికి చేరాక

ఇక్కడిదాకా వచ్చినా ప్రాణం లేకపోతే సమస్య బోర్డులో ఉంది. అయినా "బోర్డు పోయింది" అన్నది జవాబు కాదు. జాక్ నుంచి వచ్చిన 19 వోల్టులు ముందు రెండు మాస్‌ఫెట్‌లు (కరెంటును వదిలే, ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) దాటి ప్రధాన లైనులోకి వస్తాయి. అక్కడి నుంచి 3.3, 5 వోల్టుల లైన్లు పుట్టాలి, ఈసీ మేల్కోవాలి, బటన్ నొక్కాక మిగతా లైన్లు ఒకదాని తర్వాత ఒకటి రావాలి. మంచి మెకానిక్ వీటిని వరుసగా కొలుస్తాడు. ల్యాబ్ పవర్ సప్లై పెట్టి బోర్డు ఎంత కరెంటు లాగుతోందో చూస్తాడు. అసలు లాగకపోతే మొదటి మాస్‌ఫెట్ దగ్గరే దారి తెగింది. కొన్ని పదుల మిల్లీయాంపులు లాగి ఆగితే ఈసీ దాకా ప్రాణం ఉంది. పెట్టగానే సప్లై గరిష్ఠానికి ఎగిరితే షార్ట్. ఆ షార్టు వెనక చాలాసార్లు ఉండేది ఆవగింజంత సిరామిక్ కెపాసిటర్. తక్కువ వోల్టేజీ ఎక్కించి, ఏది వేడెక్కుతోందో చూసి దాన్ని తీసేస్తారు. భాగం ఖరీదు రూపాయల్లోనే, ఖర్చంతా పనితనానికే.

అందుకే షాపులో అడగాల్సింది ఒకటే: "ఏ లైను రావట్లేదు? షార్ట్ ఎక్కడుంది?" సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి మార్కెట్లలో చిప్ లెవెల్ పని (బోర్డు మీద చెడిన భాగాన్నే పట్టి మార్చడం) చేసే బల్లలూ, పనిని ఇంకొకరికి అప్పగించి కమీషన్ తీసుకునే బల్లలూ పక్కపక్కనే ఉంటాయి. ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగేవాడు మొదటి రకం. బోర్డు మార్చాలంటే పాతది తిరిగి ఇవ్వమనండి. ప్రాసెసర్ లోపలే షార్ట్ అయిందని కొలిచి చూపిస్తే మాత్రం ఇక రిపేరు మీద డబ్బు పెట్టకండి.

ఇచ్చే ముందు ఎస్‌ఎస్‌డి ఊడేదైతే ఊడదీసి ఇంట్లో పెట్టుకోండి, పవర్ రిపేరుకు వాళ్లకు అది అవసరం లేదు. డేటా అర్జెంటుగా కావాలంటే ఎం.2 ఎన్‌క్లోజర్‌లో (డ్రైవ్‌ను పెట్టే చిన్న పెట్టెలో) పెట్టి ఇంకో కంప్యూటర్‌కు యూఎస్‌బీ ద్వారా కలపండి. ఎన్‌వీఎంఈ, సాటా అనే రెండు రకాల ఎస్‌ఎస్‌డిలూ ఎం.2 ఆకారంలో ఉంటాయి కాబట్టి ఎన్‌క్లోజర్ కొనేముందు మీది ఏదో లేబుల్ మీద చూడండి. డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ కోసం అక్కడ విండోస్, 48 అంకెల రికవరీ కీ అడిగితే కంగారుపడకండి. బోర్డు మార్చిన తర్వాత మొదటిసారి ఆన్ చేసినప్పుడు కూడా అదే అడుగుతుంది, ఎందుకంటే తాళం పాత బోర్డులోని భద్రతా చిప్‌తో ముడిపడి ఉంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాప్‌టాప్ వాడుతున్నట్టయితే ఆ కీ సాధారణంగా అదే అకౌంట్‌లో దాచి ఉంటుంది. ఫోన్ బ్రౌజర్‌లో లాగిన్ అయి డివైజ్‌ల పేజీలో చూసి, పాత బోర్డు షాపులో వదిలేయకముందే కాగితం మీద రాసుకోండి.